మిగిలిన గోలీలు

డాక్టరమ్మ మంగళవారం వస్తది.
దేవరకొండ బస్సు దిగి, మూడు గంటలు కూసోని
ఎనభై మంది కార్డుల మీద ఒకటే మాట రాస్తది: కంట్రోల్‌.
అది ఏందో ఆమెకెరుక.
ఏ ఇంట్ల ఎక్కడుంటదో నాకెరుక.

ఆశా వర్కర్ను.
నెలకొకపారి గడపగడపకు తిరిగి
మిగిలిన గోలీలు లెక్కవెడ్త.
మింగినమని ఎవరైన చెప్తరు,
మిగిలినయే నాతోని నిజం మాట్లాడ్తయి.

నాలుగు మిగిల్తే చుట్టాల పెండ్లికి పోయొచ్చిన్రు.
పన్నెండు మిగిల్తే పత్తి ఏరవోయిన్రు,
చీకటివడ్డంక వచ్చి ఉత్త కడుపుతోనే ఒరిగిన్రు.
తిన్నంక ఏస్కోవాల్సిన గోలి
తిననోల్లు ఎట్ల ఏస్కుంటరు?
నెల నిండకముందే ఒడిసిపోతే
మొగని బీపీ గోలీలల్ల పెండ్లాం పాలు పంచుకున్నట్టు.
పట్టుకొని అడిగితే ఈదమ్మ నవ్వుతది:
"నా తల గూడ గట్లనే తిరుగుతుంది గద బిడ్డా,
ఒక్క పొయ్యి మీదిదే తింటిమి."
రెక్కకు పట్టీ చుట్టి చూస్తే నూటా ఎనభై.
ఆ దినం ఆమెకు సొంత కార్డు పుట్టింది.

కేస్లాతండల ద్వాలికి సదువు రాదు.
పొద్దటి అట్ట మీద గోర్ల రంగుతోని సూర్యుని గీసిన,
రాత్రిదాని మీద నెలవంక.
మర్నెల పోతే రాత్రి గోలీలు సగం అట్లనే ఉన్నయి.
"చందమామ కనవడ్డ దినమే ఏస్కున్న" అన్నది.
తప్పు నాదే.
ఇప్పుడు మంచం గీస్తున్న.

పల్లె దవఖానల మేం ముగ్గురం.
నస్రీన్‌ది ల్యాబు. వేలు పొడిచే ముందు
పొద్దున చాయ్‌ తాగినవా అని కండ్లల్లకు చూస్తది,
అబద్ధం మిషన్‌కంటె ముందుగాల ఆమెకే దొరుకుతది.
వీరాచారి సారు మందులిస్తడు.
బొంబాయి బస్సెక్కెటోల్లకు మూడు నెలలయి ఒక్కపారే కట్టిస్తడు.
అట్ల ఇయ్యొద్దట. మీటింగుల తిట్లు ఆయనకే.
"అక్కడ వాల్లకు నువ్వున్నవా, నేనున్ననా" అంటడు,
దారం ఇంకో ముడి ఏస్తడు.
నా పైసలు రెండు నెలలాయె, రాలే.
అది వేరే ముచ్చట.

పోయిన నెల ముప్పై తారీఖు, పొద్దుమీకినంక,
బక్కమ్మ ఇంటికి పోయిన.
మొగడు బుడ్డయ్య. షుగరు. ఏడేండ్లు నా లెక్కల ఉన్నడు.
నల్లగొండల కాలి బొటనేలు తీసినప్పుడు
"ఇగ చెప్పు కొననీకి సగం పైసలే" అన్నోడు.
పన్నెండో తారీఖు రాత్రి గోలి ఏస్కొని పండుకున్నడు,
లేవలే.
పద్దెనిమిది మిగిలి ఉండాలె,
వాపసు రాయాలెనని అడిగిన.

అట్ట తెచ్చిచ్చింది.
ముప్పై గుంతలూ ఖాళీ.
నా గుండె ఝల్లుమన్నది. ఏం జేసింది ఈమె?

బక్కమ్మ ఏమనలే.
లోపలికి పోయి గురిగి తెచ్చి నా ముందట వంచింది.
పద్దెనిమిది. తెల్లగ.
"రాత్రి కాంగనే చెయ్యి ఊకుంటలేదు బిడ్డా,
దినాం ఒకటి తీసిన.
అయినా, మిగిల్తే నిన్నే అంటరు గద సార్లు."

ఫోన్ల ఖానాలు రెండే:
మింగిన్రు, మింగలే.
ఒడిల గోలీలు పెట్టుకొని అరుగు మీద కూసున్న.
వేలు ఏదన్న ఒకటి ఒత్తాలె. ఒత్తలే.

బక్కమ్మ చాయ్‌ తెచ్చింది.
చక్కెర లేదు అండ్ల.
ఏడేండ్ల సంది ఆ ఇంటికి చక్కెర రాలే,
ఇప్పుడు తేవచ్చని ఆమెకింకా యాదికి రాలే.

నేను చెప్పలే.
మెల్లగ తాగిన, అడుగుదాక.